జ్వరానికి ఇంజెక్షన్ పడకముందే బ్లడ్ కల్చర్ తీయాలి కదా, ఆ మాట ఎవరూ రాయరేం?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి మీ పేపర్ జిల్లా ఎడిషన్లో "విషజ్వరాలతో మంచం పట్టిన పల్లె" అని ఒక వార్త కచ్చితంగా పడుతుంది, ఈ ఏడూ పడింది. ఫోటోలో నులకమంచం మీద పెద్దాయన, దూలానికి వేలాడదీసిన సెలైన్ సీసా, పక్కన ఆశా వర్కర్. కింద చివరి లైన్లో "వైద్య సిబ్బంది రక్త నమూనాలు సేకరించారు" అని ఉంటుంది, అంతటితో వార్త అయిపోతుంది. ఆ రక్తం ఏ టెస్టుకి పంపారు, ఏ సీసాలో పట్టారు, పట్టే టైముకి ఆ పెద్దాయనకి ఎన్ని ఇంజెక్షన్లు పడి ఉన్నాయి, రిపోర్ట్ లో చివరికి ఏం తేలింది, ఇవేవీ తర్వాత రోజు పేపర్లో రావు, వారం తర్వాతా రావు. నేను జిల్లా కేంద్రంలో ఒక ల్యాబ్ లో మైక్రోబయాలజీ సెక్షన్లో టెక్నీషియన్ని, బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఉన్న క్రిమిని పెంచి చూసే టెస్ట్, ఆ సీసాలతోనే నా రోజంతా గడుస్తుంది, అందుకే రాస్తున్నా. కాస్త పొడుగు ఉత్తరమే, కత్తిరించాల్సి వస్తే నా గురించి రాసింది కత్తిరించండి కానీ టెస్టుల గురించి రాసింది ఉంచండి.

మన దగ్గర జ్వరం అనగానే రాసేది విడాల్ టెస్ట్. డాక్టర్ రాయకపోయినా జనమే వచ్చి "టైఫాయిడ్ టెస్ట్ చెయ్యండమ్మా" అని అడుగుతారు. అదెలా చేస్తారంటే, రక్తం గడ్డకట్టాక పైన తేలిన సీరం ఒక చుక్క స్లైడ్ మీద వేసి, దానిపక్కన కిట్ లో వచ్చిన నీలం రంగు యాంటిజెన్ (చంపిన టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రవం) ఒక చుక్క, ఇంకో గడిలో ఎర్ర రంగుది ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి ఒక నిమిషం పాటు స్లైడ్ ని అటూ ఇటూ ఊపుతారు. చుక్కలో సన్నగా ఇసుకలాగా పలుకులు కట్టాయా లేదా అని లైట్ కింద పెట్టి కంటితో చూడటమే. ఒకరికి పలుకులు కనిపిస్తాయి, ఇంకొకరికి కనిపించవు. చూశాక రిపోర్ట్ లో "టీఓ 1:160, టీహెచ్ 1:160" అని పడుతుంది (సీరంని 160 రెట్లు పలచన చేసినా పలుకులు కట్టాయని దాని అర్థం), ఇంట్లో అందరూ టైఫాయిడ్ అని నమ్మేస్తారు, ఇడ్లీ తప్ప ఇంకేం పెట్టరు.

ఈ టెస్ట్ ఫ్రాన్స్ లో విడాల్ అనే డాక్టర్ 1896లో పెట్టింది, ఆ రోజులకి గొప్పదే, కాదనను. కానీ అది వెతికేది టైఫాయిడ్ క్రిమిని కాదు, ఆ క్రిమి మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని. అవి బాగా పెరగడానికే వారం పైన పడుతుంది, మూడో రోజు జ్వరానికి విడాల్ చేయించి ఏం లాభం చెప్పండి. ఇంకో తంటా ఏంటంటే ఎప్పుడో చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లకీ, మన నీళ్లు తాగుతూ ఆ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు తగిలినవాళ్లకీ, కొంతమందికి మలేరియా వచ్చినా డెంగ్యూ వచ్చినా కూడా ఇది పాజిటివ్ చూపిస్తుంది. అసలు పద్ధతి ప్రకారం అయితే ఒకసారి తీసి, మళ్లీ వారం పది రోజులకి తీసి, రెండోదాంట్లో ఆ అంకె నాలుగు రెట్లు పెరిగితేనే లెక్క. అలా రెండోసారి వచ్చి ఇచ్చిన పేషెంట్ ని మా సెంటర్లో అయితే నేను చూడలేదు, జ్వరం తగ్గాక మళ్లీ ఎవరొస్తారు లెండి.

జ్వరం రక్తంలో క్రిమి తిరగడం వల్లే వచ్చిందా, అయితే ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుంది అని సూటిగా చెప్పేది బ్లడ్ కల్చర్. రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలోకి ఎక్కించి, ఒంటి వేడిలో పెట్టి, అందులో ఏదన్నా పెరుగుతుందా అని చూస్తారు. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఎక్కడ పడితే అక్కడ చెడుతుంది, ఎక్కువగా చెడేది ల్యాబ్ లో కాదు, పేషెంట్ మంచం దగ్గరే.

మొదటిది రక్తం సరిపోకపోవడం. పెద్దవాళ్లకి సీసాకి 8 నుంచి 10 ఎంఎల్ కావాలి, ఒక చేతిలోంచి ఒకసారి, ఇంకో చేతిలోంచి ఇంకోసారి, అంటే తక్కువలో తక్కువ రెండు సీసాలు. ఇంత రక్తం ఎందుకంటే టైఫాయిడ్ జ్వరంలో ఒక ఎంఎల్ రక్తానికి క్రిమి ఒకటో రెండో ఉంటుంది, చాలామందికి అదీ ఉండదు. బస్తా బియ్యంలో రాళ్లున్నాయో లేదో చెంచాడు తీసి చూస్తే ఎట్లా తెలుస్తుంది? మా దగ్గరకి వచ్చే సీసాల్లో చాలావాటిలో రెండు, మూడు ఎంఎల్ మించి ఉండదు, సీసా పక్కన గీతలుంటాయి కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. సిస్టర్ ని అడిగితే "పేషెంట్ తాలూకు వాళ్లు గొడవ చేశారు మేడమ్, ఉన్న రక్తమంతా లాగేస్తున్నారని" అంటుంది. నిజమే, నా ఎదురుగానే ఒకావిడ "అసలే నీరసంగా ఉంటే ఇంకా తీస్తారేంటి" అని సిరంజి పట్టుకున్న చెయ్యి ఆపేసింది. 20 ఎంఎల్ అంటే నాలుగు టీస్పూన్లు, రక్తదానంలో తీసే 350 ఎంఎల్ తో పోలిస్తే ఎంత? పసిపిల్లలకి వేరే చిన్న సీసా ఉంటుంది, వాళ్లకి బరువుని బట్టి ఒకటి రెండు ఎంఎల్ తోనే సరిపెడతారు.

రెండోది, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కూడా ఇదే, యాంటీబయాటిక్ పడిపోయాక రక్తం తీయడం. ఊళ్లో జ్వరం వస్తే మొదట వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికే, ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది ఆయనే. ఆయన ఒక సెలైన్, అందులో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, రెండు పూటలా. మూడో రోజుకీ తగ్గకపోతే టౌన్లో నర్సింగ్ హోమ్, అక్కడ పాతది ఆపి ఇంకా పెద్ద ఇంజెక్షన్. ఐదో రోజుకి ప్లేట్‌లెట్లు పడిపోయాయని, బీపీ పడిపోయిందని పెద్దాసుపత్రి, అప్పుడు ఎవరికో గుర్తొచ్చి "బ్లడ్ కల్చర్ పంపండి" అంటారు. ఆ సీసాలో ఇంక ఏం పెరుగుతుందండీ. క్రిమి చావకపోయినా కుంటుపడి ఉంటుంది, సీసాలో లేవదు. ఐదు రోజులు మెషిన్లో ఉంచి "నో గ్రోత్" అని రిపోర్ట్ ఇస్తాం, ఇంట్లో వాళ్లేమో "ఇన్ఫెక్షన్ లేదంట" అని సంతోషపడతారు. క్రిమి లేదు అనడం వేరు, మా సీసాలో పెరగలేదు అనడం వేరు. అసలు మందు పడకుండా తీసినా టైఫాయిడ్ లో కల్చర్ వందలో 60 మందిని దొరికించుకుంటే గొప్ప, మందు పడ్డాక సంగతి మీరే ఊహించుకోండి.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకుంటారేమో, అమెరికా, కెనడా ఎమర్జెన్సీ వార్డుల్లో తీవ్రమైన సెప్సిస్ తో (ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లో అవయవాలు దెబ్బతినే స్థితి) వచ్చిన 325 మందికి మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక రెండు గంటల లోపు ఇంకోసారి కల్చర్ తీసి చూశారు, 2019లో అచ్చయింది. ముందు తీసినవాటిలో క్రిమి దొరికింది 31 శాతం మందికి, తర్వాత తీసినవాటిలో 19 శాతం మందికే. గంటా రెండు గంటల తేడాకే అంత పడిపోయింది. మన వాళ్లకి పడేది గంటల తేడా కాదు, రోజుల తేడా.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే తప్పుగా అర్థం చేసుకుంటారు. కల్చర్ కోసం మందు ఆపమని నేను అనట్లేదు. బీపీ పడిపోయి, చేతులు కాళ్లు చల్లబడి, మనిషి మాట తడబడుతుంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాల్సిందే, ప్రపంచమంతా అదే పద్ధతి. సెలైన్ పెట్టడానికి ఎలాగూ సూది గుచ్చుతారు కదా, ఆ హడావిడిలోనే ముందు రెండు సీసాలకి రక్తం తీసేసి, వెంటనే మందు మొదలుపెట్టమనే అంటున్నా. దీనికి పట్టేది ఐదు పది నిమిషాలు. సీసా దొరక్కపోతే మాత్రం దాని కోసం మందు ఆపకూడదు. కానీ సీసా ఎందుకు దొరకదు అని ఎవరో ఒకరు అడగాలి కదా.

తీసేటప్పుడు చర్మం సరిగ్గా తుడవకపోవడం ఇంకో గోల. క్లోర్‌హెక్సిడిన్ తో రుద్ది అర నిమిషం ఆరనివ్వాలి, బెటడిన్ అయితే ఒకటిన్నర రెండు నిమిషాలు ఆరాలి, ఆరాక మళ్లీ వేలుతో నరం తడమకూడదు. సీసా రబ్బరు మూత కూడా స్పిరిట్ తో తుడవాలి, ప్లాస్టిక్ క్యాప్ తీశారు కాబట్టి కింద శుభ్రంగానే ఉంటుంది అనుకుంటారు, ఉండదు. సెలైన్ కోసం ముందే పెట్టి ఉన్న క్యాన్యులా గొట్టంలోంచే లాగేసే వాళ్లూ ఉన్నారు. ఇవన్నీ చేయకపోతే చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ జాతివి సీసాలో పెరుగుతాయి, రిపోర్ట్ లో పేరు చూసి డాక్టర్ వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు, బిల్లు పెరుగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. రెండు చేతుల్లోంచి తీయమనేది అందుకు కూడా, రెండిట్లోనూ ఒకటే క్రిమి వస్తే నమ్మొచ్చు, ఒకదాంట్లోనే చర్మం క్రిమి వస్తే అనుమానించాలి.

సరిగ్గా తీసిన సీసా మా చేతికొస్తే ఏం జరుగుతుందో కూడా చెప్తా, ఎందుకంటే "కల్చర్ రిపోర్ట్ కి వారం పడుతుంది, అప్పటికి పేషెంట్ ఉంటాడో పోతాడో" అని చదువుకున్నవాళ్లు కూడా అంటుంటే విన్నా. వారం పట్టదు. సీసా మెషిన్లో పెట్టిన దగ్గర్నుంచి అది ప్రతి పది నిమిషాలకి ఒకసారి సీసా అడుగు చూసుకుంటూ ఉంటుంది. క్రిములు పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, దానికి అడుగున ఉన్న ముదురు ఆకుపచ్చ బిళ్ల పసుపుకి తిరుగుతుంది, మెషిన్ బీప్ కొడుతుంది. పాజిటివ్ అయ్యేవాటిలో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల్లోనే కొట్టేస్తాయి. కొట్టిన వెంటనే సీసాలోంచి ఒక చుక్క స్లైడ్ మీద వేసి గ్రామ్ స్టెయిన్ చేస్తాం, అంటే క్రిములకి రంగు పట్టించి చూస్తాం. మైక్రోస్కోప్ కింద గులాబీ రంగు కడ్డీలు కనపడ్డాయంటే ఈకొలై, క్లెబ్సియెల్లా, టైఫాయిడ్ సాల్మొనెల్లా వైపు, వంకాయ రంగు గుండ్రటివి గుత్తులుగా ఉంటే స్టాఫ్ వైపు. ఆ ఒక్క ముక్క మేం రిపోర్ట్ టైప్ అయ్యేదాకా ఆగకుండా రాత్రయినా వార్డుకి ఫోన్ చేసి చెప్తాం, డాక్టర్ అప్పుడే మందు మార్చుకోవచ్చు. పూర్తి పేరు, ఏ మందుకి లొంగుతుంది, ఏ మందుకి లొంగదు అనేది ఇంకో రోజు రెండు రోజుల్లో వస్తుంది, పెద్ద ల్యాబుల్లో మాల్డీ-టాఫ్ అనే మెషిన్ ఉంటే పేరు వరకు నిమిషాల్లోనే చెప్పేస్తుంది. బాధ ఏంటంటే మేం ఫోన్ చేసేసరికి కొందరు డిశ్చార్జ్ అయి వెళ్లిపోయి ఉంటారు, చీటీ మీద రాసిన ఫోన్ నంబర్ ఏ బామ్మర్దిదో అయి ఉంటుంది.

ఏ మందుకి లొంగుతుంది అనేది చిన్న విషయం కాదు. ఒకప్పుడు టైఫాయిడ్ కి సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలే సరిపోయేవి, ఇప్పుడు మన దేశంలో దొరికే టైఫాయిడ్ క్రిముల్లో ఎక్కువ వాటికి అది పనిచేయదు. 2016 నుంచి పాకిస్తాన్ సింధ్ లోని హైదరాబాద్ లో (మనది కాదు, వాళ్లకీ ఒక హైదరాబాద్ ఉంది) సెఫ్ట్రియాక్సోన్ కి కూడా లొంగని టైఫాయిడ్ పాకింది. అది అక్కడి వాళ్లు పట్టుకోగలిగారంటే కల్చర్లు చేశారు కాబట్టే, విడాల్ లో అయితే ఆ తేడా ఈ జన్మకి తెలియదు. టైఫాయిడ్ కి టీకా తయారుచేసి 2018 మొదట్లోకల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా తెచ్చుకున్నది మన హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్, ఆ టీకా మన పిల్లల్లో ఎంతమందికి పడిందో అడిగితే ఇంకో ఉత్తరం అవుతుంది.

మన జనానికి బ్లడ్ కల్చర్ అనే మాట గట్టిగా వినపడింది 2025 సెప్టెంబరులో, గుంటూరు పక్కన తురకపాలెంలో వరసగా మనుషులు చనిపోతున్నప్పుడు. మెలియాయిడోసిస్ కావచ్చన్న అనుమానంతో డాక్టర్ల టీములు ఊళ్లోకి వెళ్లి కల్చర్ కి రక్తం తీశాయి, టీవీల్లో అదే చర్చ. అక్కడ ఎవరు దేనివల్ల పోయారన్న దానిలోకి నేను వెళ్లను. ఆ జబ్బు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మన పొలాల జబ్బు అది. తడి మట్టిలో, బురదలో ఉండే బ్యాక్టీరియా, వానాకాలంలో ఒట్టి కాళ్లతో దమ్ములోకి, నాట్లలోకి దిగే వాళ్లకి, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ పట్టుకుంటుంది. కొత్తదేం కాదు, విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు రంగూన్ లో 1911లోనే గుర్తించి మరుసటి ఏడాది అచ్చువేశారు, మన ఉత్తరాంధ్ర వాళ్లు కూలికి ఓడలెక్కి వెళ్లిన ఆ రంగూన్ లోనే.

మెలియాయిడోసిస్ కి సెఫ్ట్రియాక్సోన్ నమ్ముకునే మందు కాదు, అంటే పల్లెలో అందరికీ పడే ఇంజెక్షన్ దీనికి చాలదు. సెఫ్టజిడైమ్ గానీ మెరోపెనమ్ గానీ కనీసం రెండు వారాలు, ఆ తర్వాత మూడు నెలల పాటు సెప్ట్రాన్ రకం బిళ్లలు వాడాలి. కల్చర్ లో పేరు తేలకుండా ఈ మందు ఎవరు మొదలుపెడతారు, మూడు నెలలు ఎవరు మింగిస్తారు? మా ల్యాబ్ వాళ్ల వైపు కూడా లోపం ఉంది, చెప్పకపోతే ఒప్పు కాదు. ఈ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, క్రిమిని పెంచే ప్లేట్ మీద మొదటి రోజు చిన్న చిన్న చుక్కలే కనపడతాయి, రెండు మూడు రోజులకి గానీ ఎండి ముడతలు పడ్డట్టు తయారవ్వదు. హడావిడి ల్యాబుల్లో దీన్ని "సూడోమోనాస్ జాతి, కంటామినేషన్" అని, అంటే బయటి నుంచి సీసాలో పడ్డ వేరే క్రిమి అనుకుని పక్కన పడేస్తారు. తెలిసినవాళ్లకి ఒక గుర్తు ఉంది, జెంటామైసిన్ కీ కొలిస్టిన్ కీ లొంగదు, అమాక్సిక్లావ్ కి లొంగుతుంది, ఆ పొత్తు చూడగానే ఆగి ఆలోచించాలి. ఈ ఒక్క ముక్క ప్రతి జిల్లా ల్యాబ్ గోడ మీద అంటించినా చాలు.

కల్చర్ కి అన్నీ తెలుస్తాయని కాదు. డెంగ్యూ వైరస్, దానికి వేరే టెస్ట్. మలేరియాకి స్లైడ్ చూడాలి. స్క్రబ్ టైఫస్ క్రిమి కణాల లోపల ఉంటుంది కాబట్టి మా సీసాలో పెరగదు, దానికి ఐజీఎం ఎలీసా అనే యాంటీబాడీల టెస్ట్ ఉంది, అన్నిటికన్నా ముందు బట్టలు తీసి చంకల్లో, నడుము దగ్గర సిగరెట్ తో కాల్చినట్టు నల్ల మచ్చ ఉందేమో చూడటం ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పెరిగింది కాబట్టి బ్యాక్టీరియానే అని మందు మార్చేయడం కూడా సరి కాదు, చాలా జ్వరాల్లో అది పెరుగుతుంది.

ఖర్చు సంగతి. విడాల్ వంద రెండొందల్లో అయిపోతుంది, బ్లడ్ కల్చర్ బయట వెయ్యి దాటుతుంది, కూలి చేసుకునేవాళ్లు విడాల్ నే అడుగుతారు, న్యాయమే. కాబట్టి ఇది ప్రభుత్వమే చెయ్యాలి. ప్రతి మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్ ఉంటుంది, తెలంగాణలో అయితే జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చేసింది, ఆంధ్రాలో కూడా ఒకప్పటి కన్నా పెరిగాయి. లేనిది పీహెచ్‌సీలో, ఏరియా ఆసుపత్రిలో సీసా, అక్కడి నుంచి కాలేజీకి సీసాని చేర్చే మనిషి. టీబీ తెమడ డబ్బాలు పీహెచ్‌సీల నుంచి టెస్ట్ సెంటర్లకి వెళ్తున్నాయి కదా, అదే బండిలో రెండు సీసాలు పెట్టడం ఏమంత కష్టం. ఐస్ బాక్స్ కూడా అక్కర్లేదు, పైగా కల్చర్ సీసాని ఫ్రిజ్ లో అస్సలు పెట్టకూడదు, మామూలు గదిలో ఉంచి వీలైనంత త్వరగా పంపాలి, ఎండలో ఆటో డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి తిప్పకుండా ఉంటే చాలు. మెషిన్ లేని చోట కూడా చేత్తో చేసే పద్ధతి ఉంది, ప్రభుత్వ కాలేజీల్లో బ్రాత్, అంటే ఆ పోషక ద్రవం, వాళ్లే కాచుకుని సీసాల్లో నింపుకునేవాళ్లు, ఇప్పటికీ చేసేవాళ్లున్నారు.

మీ రిపోర్టర్లకి కూడా ఒక చిన్న పని చెప్తా, ఏమనుకోకండి. ఈసారి జ్వరాల ఊరికి వెళ్లినప్పుడు డీఎంహెచ్‌ఓ గారిని ఎంతమందికి జ్వరం అని అడిగాక, ఎంతమందికి మందు పడకముందు కల్చర్ తీశారు, ఎన్ని పాజిటివ్ వచ్చాయి, ఏ క్రిమి అని కూడా అడగండి. "విడాల్ పాజిటివ్ 40 మందికి" అని చెప్తే దాన్ని "40 మందికి టైఫాయిడ్" అని అచ్చు వేయకండి. చదివేవాళ్లకి అయితే, ఇంట్లో ఎవరికన్నా మూడు రోజులు దాటి గట్టి జ్వరం, చలి వణుకు ఉండి డాక్టర్ ఇంజెక్షన్ రాస్తే "సార్, కల్చర్ కి రక్తం తీశాక వేద్దామా" అని మర్యాదగా అడగండి, ఏ మంచి డాక్టరూ కోప్పడరు. ముందే ఎక్కడన్నా ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే దాచకుండా ఆ పేరు చెప్పండి, చీటీ ఉంటే చూపించండి. కొన్ని సీసాల్లో యాంటీబయాటిక్ ని పీల్చేసే పూసలు ఉంటాయి, ఏం పడిందో తెలిస్తే అలాంటి సీసా వాడతారు, కొంత నయం.

చివరిగా ఆరోగ్యశాఖ వాళ్లకి, మీ పేపర్ చూస్తారు కాబట్టి. ఈ సీసాలకి ఎక్స్‌పైరీ ఉంటుంది, బడ్జెట్ మిగిలిందని మార్చి నెలాఖర్లో ఒకేసారి కొని స్టోర్ రూమ్ లో పడేస్తే సెప్టెంబరు కల్లా సగం పనికిరాకుండా పోతాయి. మే లో ఇండెంట్ పెట్టి, జూన్ లో తొలకరి పడేసరికి ఒక్కో పీహెచ్‌సీకి పెద్దవాళ్ల సీసాలు పది, పిల్లల సీసాలు ఐదు, క్లోర్‌హెక్సిడిన్ స్వాబ్ లు, సిస్టర్లకి ఒక పూట ట్రైనింగ్ చేరేలా చూడండి. తర్వాత ఖాళీ అయినకొద్దీ నెలనెలా పంపొచ్చు.

ఇట్లు,
మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్,
గోదావరి జిల్లాల నుంచి